మెస్కీట్ కొమ్మకు చిక్కిన బూటు

మొహావీ ఎడారిలో ఊరు పెడతానని ఓర్ఫా టీస్‌డేల్ అన్నప్పుడు బల్లులు కూడా నవ్వాయి. అక్కడ కోడి పెట్టిన గుడ్డు నేలను తాకేసరికే ఉడికిపోయేది. అయినా ఆమె ఎండు వాగు ఇసుకలో గడ్డపార దింపింది. తీయటి నీళ్లు పడ్డాయి. కబురు విని జనం బళ్లు కట్టుకుని వచ్చారు. ఎడారికి కొత్తవాళ్లంతా చేసేదే వాళ్లూ చేశారు. నీళ్లు దగ్గరని వాగు మధ్యలోనే చెక్క ఇళ్లు వేసుకున్నారు. దుంగల మీద నిలిపిన ఇళ్లవి. కావాలంటే ఈడ్చుకుపోవచ్చు.

మూడో వేసవిలో ఒక పొద్దున ఓర్ఫా మెస్కీట్ చెట్టుకు దండెం కడుతూ తలెత్తింది. పై కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు చుట్టుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి పక్షి గూళ్లనుకుంది. బుట్ట బోర్లించి ఎక్కి లాగి చూస్తే, బురద అట్టకట్టిన ఓ పాత బూటు చేతికొచ్చింది. బూటు మోసుకొచ్చి గూడు కట్టే పక్షి ఎక్కడుంది?

ఓర్ఫా బూటు పట్టుకుని వాగులోని ఇళ్లకేసి చూసింది. ఎప్పుడో తన తల కన్నా ఎత్తున వరద పారిన చోట, పసిపిల్లలతో సహా ఊరినంతా తెచ్చి నిలబెట్టింది తనే.

“ఊరిని మిట్ట మీదికి మార్చాలి. తెలీక వరద దారిలో పెట్టాను” అంది, బార్నబీ కొట్టు ముందు అందరినీ పోగేసి.

“ఏవమ్మా ఓర్ఫా, చినుకు మొహం చూసి ఏళ్లయింది, వరదంటావేంటి? ఎండ నెత్తికెక్కిందా?” అన్నాడు బార్నబీ.

“ఈ బూటు తొడిగి చూడు. నీకు సరిపోయేలాగే ఉంది.”

“మిట్ట మీదంతా బండేగా! ఏం తాగుతాం?”

“తవ్వుదాం.”

“బండనా?”

“బండనే.”

ఒక్కరూ కదల్లేదు. మర్నాడు ఓర్ఫా తన ఇంటికే కంచరగాడిదల్ని కట్టింది. లోపల మొగుడు లెమ్యుయెల్ పంది మాంసం వేపుతున్నాడు.

“ఓర్ఫా! పెనం జారిపోతోందే!”

“పెనం కాదయ్యా, ఇల్లు కదులుతోంది. గట్టిగా పట్టుకో!”

గొట్టంలోంచి పొగ వదులుతూ ఇల్లు మిట్ట ఎక్కింది. ముందు చంటిబిడ్డ తల్లి ఒకామె తాడు పట్టుకొచ్చింది. ఆ తర్వాత మిగతావాళ్లూ కదిలారు. బార్నబీ మాత్రం కొట్టుతో వాగులో బావి పక్కనే ఉండిపోయాడు. మిట్ట మీదివాళ్లూ నీళ్లకు ఆ బావికే దిగేవారు.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం, నెత్తిన మబ్బు తునక లేదు. దూరపు కొండల మీద మాత్రం ఓ నల్లటి మచ్చ. కంచరగాడిదలు చెవులు రిక్కించాయి. పట్టాలు లేని చోట రైలు వస్తున్నట్టు చప్పుడు. మలుపు తిరిగి వచ్చింది చూస్తే నీళ్లలా లేదు. చెట్లూ బండరాళ్లూ దుమ్మూ కలిసి, లేచి నడుస్తున్న గోడ అది. మెస్కీట్ చెట్టు బూటు దొరికిన కొమ్మ దాకా మునిగింది. కొట్టు కప్పు మీద పిల్లిని పట్టుకుని బార్నబీ తేలుతూ వచ్చాడు. కొట్టు మిట్ట అంచుకు తట్టుకోగానే తాళ్లేసి లాగారు.

“చూశారా, గాడిదలు లేకుండానే కొట్టు మార్చేశా!” అన్నాడు పళ్లు టకటకలాడుతుంటే.

సాయంత్రానికి వాగు తీసింది. బావి ఆనవాలు కూడా లేదు. అందరూ ఓర్ఫా వైపు చూశారు. ఇక వెళ్లిపోతామంటారేమోనని ఆమె తల వంచుకుంది. ఒంటి బూటుతో మిగిలిన బార్నబీ గడ్డపార అందుకున్నాడు.

“ఎక్కడ తవ్వాలో చెప్పు తల్లీ.”

ఓర్ఫా చాలాసేపు బండ మీద తిరిగి, ఒక చోట మడమ ఆనించింది. మొదటి దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి.

ఊరు ఇప్పటికీ ఆ బండలో తవ్విన బావి నీళ్లే తాగుతోంది. బార్నబీ రెండో బూటు వాగులో మెస్కీట్ కొమ్మకే ఉంది. దాన్ని ఎవరూ దించరు.