అభ్యంతరమున్న యెడల

నీ గొంతు బాగుందని ఎవరైనా ఒక్కసారి అంటే చాలు, మనిషి చెడిపోవడానికి. నేను ఇరవై రెండేళ్ల వయసులో అలాగే చెడిపోయాను. అవి మా శంషాబాద్ పక్కన ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన రోజులు. అప్పటిదాకా కూరగాయలు పండించినవాళ్లు టాక్సీలు కొన్నారు, బర్రెలు కాసినవాళ్లు సెక్యూరిటీ బట్టలు తొడిగారు, నాకేమో మైకు దొరికింది. విమానం ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో, పోవలసింది ఇంకా ఎందుకు పోలేదో మూడు భాషల్లో చదివి వినిపించడం నా ఉద్యోగం. తెలుగులో చదివేటప్పుడు నా గొంతు నాకే ఎంత ముద్దొచ్చేదంటే, ఇంట్లో అమ్మ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగినా "దయచేసి గమనించగలరు" అని మొదలుపెట్టేదాన్ని. (అమ్మ గమనించేది కాదు, గరిటె విసిరేది.)

మాది మెథడిస్టు సంఘం. ముత్తాతల నాటి చిన్న చర్చి, రేకుల కప్పు, సున్నం గోడలు. మగవాళ్లకు ఒకవైపు బెంచీలు, ఆడవాళ్లకు ఇంకోవైపు జంపఖానాలు, చుట్టాలెవరైనా వస్తే కూర్చోవడానికి వెనకాల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఎయిర్‌పోర్టు వచ్చాక మా ఆరాధనలోకి ఒక కొత్త పద్ధతి వచ్చి చేరింది. నెత్తిమీదుగా విమానం పోతుంటే మాట్లాడేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి, చప్పుడు పోయాక ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకోవాలి. మా పాస్టరు అయ్యగారు "దేవుడు మనలను" అని ఆగిపోతే, ఆయన మనల్ని ఏం చేశాడో తెలియడానికి అర నిమిషం పట్టేది. ఈ పద్ధతిని ఎవరూ తీర్మానం చేయలేదు, దానంతటదే అలవాటైపోయింది.

ఆ ఏడాది మా చిన్నమ్మకు పెళ్లి కుదిరింది. చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. దవాఖానలో నర్సు. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. తాత పోయాక ఇద్దరు తమ్ముళ్ల చదువులు, పెళ్లిళ్లు నెత్తినేసుకుని తన సంగతి పక్కన పెట్టింది. కొన్నాళ్లు సంబంధాలు వచ్చి పోయేవి, తర్వాత రావడమే మానేశాయి. అలాంటిది కందుకూరు నుంచి ఒక పీటీ సారు సంబంధం వచ్చింది. భార్య పోయి నాలుగేళ్లు, పిల్లలు లేరు, మనిషి నెమ్మది. చిన్నమ్మను అడిగితే "సరే" అంది. ఆ రెండక్షరాలు తప్ప మూడోది అనలేదు. ఆమె తత్వమే అంత, సూది గుచ్చేటప్పుడు కూడా రోగికి చెప్పేది కాదు. మా అమ్మ మాత్రం ఆ "సరే"ను కొంగున ముడేసుకుని తిరిగింది. "ఇది గిట్ల తప్పిపోయిందా, ఇగ దాని నోట్లకెళ్లి ఇంకో సరే రాదు" అని రోజుకు పదిసార్లు అనేది.

తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. మా దగ్గర పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మూడుసార్లు చదివి, మూడుసార్లూ ఎవరూ కిమ్మనకపోతేనే పెళ్లి. చిన్నమ్మ పెళ్లికి రెండు ప్రకటనలు అయిపోయాయి, మూడోది ఆ ఆదివారం. పెళ్లి మంగళవారం. బుధవారం నుంచి నలభై రోజుల ఉపవాసాల శ్రమల కాలం మొదలు, ఇక ఈస్టరు దాకా పెళ్లిళ్లు చేయరు. అంటే ఆ ఆదివారం ప్రకటన తప్పిందంటే పెళ్లి వాయిదా పడినట్టే, వాయిదా పడిన పెళ్లి ఏమవుతుందో మా అమ్మ అప్పటికే వెయ్యి రకాలుగా ఊహించుకుని ఉంది.

ఆ రోజు అయ్యగారు ఫోన్ చేశారు. ఆయన చేతిలో మూడు చర్చీలు. పొద్దున కొత్వాల్‌గూడలో ఆరాధన ముగించుకుని వస్తుంటే దారిలో బండి పంక్చర్ అయిందట, మీరు మొదలుపెట్టండి, వాక్య ప్రసంగం వేళకు వచ్చేస్తాను అన్నారు. సరే, ప్రకటనలు చదవవలసింది సంఘం సెక్రటరీ. ఆయన్ను మేము రూల్స్ పెద్దబాపు అనేవాళ్లం. రిటైరైన పోస్టుమాస్టరు, సంఘం నియమాలన్నీ నోటికి వచ్చు, నిద్రలో లేపి అడిగినా పేరా నంబరుతో సహా చెప్పేవాడు. కాని ఆ ఆదివారం జలుబు చేసి ఆయన గొంతు పూర్తిగా పడిపోయింది. కాగితం నా చేతిలో పెట్టి, "విమానాలకు చదువుతవు, పెండ్లికి చదవలేవా ఏందే" అని గుసగుసలాడాడు. చదవలేనని ఎలా అంటాను? చెప్పాను కదా, నేను చెడిపోయి ఉన్నానని.

ఇక్కడ నా తరఫున ఒక్క మనవి. నేను తెల్లవారుజామున డ్యూటీకి పోయి, అటునుంచి అటే చర్చికి వచ్చాను. ఢిల్లీలో పొగమంచు. ఆ ఒక్క విమానం కోసం పొద్దుటి నుంచి "ఆలస్యముగా వచ్చుచున్నది, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నోరు దానంతటదే ఆ మాట అనేస్తోంది. మైకు ముందు నిలబడగానే "ప్రయాణికులకు" అనబోయి, "ప్ర" దగ్గర నాలుక కరుచుకుని "ప్రియమైన సంఘమా" అని మళ్లించాను. బాగా తప్పించుకున్నానని లోలోపల మురిసిపోయాను కూడా.

పెద్దబాపు రాత పోస్టుకార్డు రాత, రెండు వరుసల మధ్య చీమ కూడా దూరదు. అయినా అందుకున్నాను. పెళ్లికొడుకు పేరు, వాళ్ల నాన్న పేరు, చిన్నమ్మ పేరు, మా తాత పేరు చక్కగా చదివాను. వెనక కుర్చీలో కందుకూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు అక్క కూర్చుని ఉంది. అమ్మానాన్న పోతే తమ్ముణ్ని పెంచింది ఆమే. కందుకూరక్క అంటే మా ఇంట్లో అందరికీ కాస్త భయం. ఆమె వింటోందని ఇంకొంచెం రాగం పెంచి, "ఈ వివాహమునకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల" అన్నాను. సరిగ్గా అప్పుడే నెత్తిమీద విమానం. పద్ధతి ప్రకారం ఆగాను. పెద్ద విమానం, చాలాసేపు పట్టింది. చప్పుడు పోయాక కాగితం మీదికి చూస్తే నా కన్ను నాలుగు వరుసలు కిందికి జారింది. అన్ని వరుసల చివరా "వలెను" అనే ఉంది, నేనేం చేయను. పాటకు ముందు చదవవలసిన వరుస అది. గొంతు సవరించుకుని, స్పష్టంగా, మర్యాదగా చదివాను: "సంఘమంతయు దయచేసి లేచి నిలువబడవలెను."

సంఘమంతా లేచింది. మా వాళ్లు లేవమంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు, ఏళ్ల తరబడి అలవాటు. పెళ్లి మీద అభ్యంతరంతో మా అమ్మ లేచింది, మా నాన్న లేచాడు, ఇద్దరు మేనమామలూ లేచారు. రూల్స్ పెద్దబాపు లేచి, సగం లేచాక గాని విషయం అర్థం కాక, అలాగే వంగి ఉండిపోయాడు. జంపఖానా మీద ఒక్క తల మాత్రం కిందే ఉంది. అది చిన్నమ్మ. తల వంచుకుని, ముసుగు ముఖం మీదికి లాక్కుని కదలకుండా కూర్చుంది. ఏదో ఒకటి చెప్పి సరిదిద్దాలి. నోరు తెరిచాను. పొద్దుటి నుంచి నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఇంతలో హార్మోనియం మామ, పాటేనేమోనని పెట్టె అందుకున్నాడు. అందరూ చప్పట్లు కొడుతూ హుషారుగా పాడుతున్నారు. కందుకూరక్క సంచి భుజాన వేసుకుని, ఎవరివైపూ చూడకుండా గుమ్మం దాటి వెళ్లిపోయింది. తలుపుకు ఎదురుగా నిలబడింది నేనొక్కదాన్నే కాబట్టి చూసిందీ నేనొక్కదాన్నే.

పాట అయ్యాక రూల్స్ పెద్దబాపు నా పక్కకు వచ్చి, ఉన్న కాస్త గొంతుతో తీర్పు చెప్పాడు. ప్రకటన పూర్తి కాలేదు, అభ్యంతరం మాత్రం వచ్చింది, అదీ ఒకరిద్దరిది కాదు, సంఘమంతటిదీ. కనుక వచ్చే ఆదివారం మళ్లీ చదవాలి. వచ్చే ఆదివారం అంటే శ్రమల కాలంలో. ఈ మాట చెవిన పడగానే అమ్మ ఉన్నచోటే కూలబడింది. అదే సమయానికి అయ్యగారు చేతులనిండా గ్రీజుతో లోపలికి వచ్చారు. జరిగింది చెప్తే ఆయన పెదవి కొరుక్కున్నారు (నవ్వు ఆపుకోవడానికని ఇప్పుడు తెలుసు, అప్పుడు కోపమనుకున్నాను). ఆశీర్వాదం ఇచ్చేదాకా ఆరాధన ముగిసినట్టు కాదు, ఈలోపు మళ్లీ చదివితే చెల్లుతుంది అన్నారు. పెద్దబాపు మనసులో పేరాలు తిరగేసి ఒప్పుకున్నాడు. కాని అయ్యగారు ఇంకో మాట అన్నారు. "పెళ్లికొడుకు అక్క నొచ్చుకుని పోయింది. ఆమె వచ్చి కూర్చుంటేనే చదువుతాను. నువ్వే వెళ్లు. నువ్వొచ్చేదాకా వాక్యం చెబుతూ ఉంటాను."

కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. కందుకూరక్క రోడ్డు మీద షేర్ ఆటో కోసం నిలబడి ఉంది. ఆయాసం తీరకముందే చెప్పేశాను, వాళ్లు లేచింది పాటకేనని, తప్పు చదివినదానిదే తప్ప లేచినవాళ్లది కాదని.

"పాటకని నాకు ఎరుకనే బిడ్డా" అంది ఆమె. "లేసిండ్రని బయటికి రాలే నేను. అసౌకర్యం అన్నవు సూడు, గది గుచ్చుకున్నది. మా తమ్ముడు ఎవలకు అసౌకర్యం?"

నాకు ఏడుపొచ్చింది. ఢిల్లీ పొగమంచు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పుకున్నాను. వింటూ వింటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు దించి, "అందరు లేసిండ్రు గద, మరి మీ చిన్నమ్మ ఎందుకు లేవలే?" అని అడిగింది.

నేనేమీ ఆలోచించలేదు. "అభ్యంతరం ఉన్నోళ్లు లేవాలన్న గదా అక్కా. ఆమెకు లేదు."

ఆటో వచ్చి ముందు ఆగింది. ఆమె ఎక్కలేదు, పొమ్మని చెయ్యి ఊపింది. "మెడలు వంచి చేస్తున్నరేమోనని నెల సంది నాకు పరేషాన్. ఆమె నోరు ఇప్పదు, నేను అడగలేను" అని, నా భుజం పట్టుకుని చర్చివైపు తిప్పింది.

మేము వెళ్లేసరికి అయ్యగారు కయీను దగ్గర మొదలుపెట్టిన వాక్యాన్ని సాగదీస్తూ సొలొమోను దాకా తెచ్చి ఉన్నారు. కందుకూరక్కను చూడగానే ఒక్క మాటతో ముగించి, ప్రకటన తానే చదివారు. ఆ కాగితం నా చేతికిచ్చే ధైర్యం ఎవరికుంటుంది? "అభ్యంతరమున్న యెడల" అనగానే సంఘమంతా బిగుసుకుపోయింది. కాలు చాచినవాళ్లు చాచినట్టే ఉండిపోయారు. హార్మోనియం మామ దగ్గు మింగాడు. ప్రకటన గట్టెక్కింది. తర్వాత అయ్యగారు ఆశీర్వాదం కోసం అందరూ లేచి నిలబడండి అన్నారు. ఒక్కరూ లేవలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారే గాని ముందు లేచి మాట పడేదెవరు? చివరికి రూల్స్ పెద్దబాపు బొంగురు గొంతుతో, "అయ్యగారూ, ఇయ్యాల్టికి కూసునే తీసుకుంటం" అన్నాడు. మా సంఘం చరిత్రలో కూర్చుని తీసుకున్న ఆశీర్వాదం అదొక్కటే. మంగళవారం పెళ్లి నిక్షేపంగా జరిగింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గరికొచ్చాయి. మైకు ఉద్యోగం ఎప్పుడో పోయింది, ప్రయాణికులు బోర్డు చూసుకుని వాళ్లే వెళ్లిపోతున్నారు, నేను టికెట్ల కౌంటర్‌కు మారాను. కాని ఈ కథను ఇన్నేళ్లుగా ఎందరికి చెప్పానో. సంఘమంతా లేచినా మా చిన్నమ్మ ఒక్కతే కూర్చుంది అనే చోట నా గొంతు కచ్చితంగా వణుకుతుంది, విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నెల కిందట కందుకూరులో, చిన్నమ్మ ఇంట్లోనే, కొత్తగా వచ్చిన పాస్టరమ్మకు చెబుతున్నాను. వణకవలసిన చోట గొంతు వణికింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న చిన్నమ్మ తలెత్తకుండా అంది.

"లేద్దామనే సూసిననే. కాలు తిమ్మిరెక్కింది."

మరి కందుకూరక్కకు తెలుసా అని అడిగాను. పెళ్లయిన నెలకే చెప్పేసిందట. ఆమె పడీ పడీ నవ్వి, ఈ సంగతి మీ అక్క బిడ్డకు మాత్రం చెప్పకు, పాపం ఊరంతా చెప్పుకుని తిరుగుతోంది, చిన్నబుచ్చుకుంటుంది అందట. కందుకూరక్క పోయి ఏడాది అయింది. నన్ను ఆగం కానీయొద్దని ఆ ఇద్దరూ ఇన్నేళ్లు నోరు మూసుకున్నారన్నమాట. పెళ్లి నిలబెట్టిన దాన్ని నేనేనని నేనేమో అందరి ముందూ ఎంత టెక్కుగా చెప్పుకున్నానో తలచుకుంటే సిగ్గూ వచ్చింది, వాళ్ల మీద ప్రేమా పొంగుకొచ్చింది.

"అయితే చిన్నమ్మా, అభ్యంతరం ఉండెనా నీకు?" అన్నాను.

ఆమె చాటలోని కాయలు సగం నా ముందుకు తోసింది. "ఉంటే తిమ్మిరి కాలుతోనైనా లేస్తుంటి" అంది.