కొక్కేల రూపాయలు

రెండు వేల నాలుగో సంవత్సరం, మాఘమాసం, రెండో ఆదివారం, ఉదయం పదిన్నర. రాయగడలో మా వర్తకుల కల్యాణ మండపం గోడ గడియారం ఆ టైమే చూపించింది. అది కాస్త ముందుకు నడుస్తుందని ఊరంతటికీ తెలుసు. కాబట్టి పదిన్నరకు ఇంకా కొంచెం తక్కువే ఉండొచ్చు. మా ఊళ్లో ఏళ్ల తరబడి జరిగిన పాత నాణేల ప్రదర్శన ఇక మా ఊళ్లో జరగదని నిర్ణయమైంది అప్పుడే.

ఏడుపు రాలేదు. ఎవరికీ రాలేదు. మా ఇంటాయన చేతిలో టీ గ్లాసు ఉంది, అది తాగేశాడు.

ఆ ప్రదర్శన మొదలుపెట్టింది ఆయనా, రైల్వేలో సిగ్నల్ పని చేసే ఇంకొకాయనా. మాది చింతపండు హోల్‌సేలు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ దుకాణం పెట్టినవాళ్లం. కొండల్లోంచి సంతకు దిగేవాళ్లు సరుకుతో పాటు పాత డబ్బులు కూడా తెచ్చేవారు. ఆయన వాటిని పోగేశాడు. సిగ్నలాయన కూడా పోగేశాడు. ఎవరి దగ్గర ఏముందో చూసుకోవడానికి ఏడాదికొకసారి శని, ఆదివారాలు మండపంలో బల్లలు వేసేవారు. పార్వతీపురం నుంచి, కోరాపుట్ నుంచి జనం వచ్చేవారు. తెరుబలి ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసే తెలుగాయన ఒకరు తర్వాత కలిశారు. తొంభైల్లో మెట్ల దాకా వరస ఉండేది.

నాకు అప్పటికి చదువు లేదు. నాణేల దగ్గర పెట్టే కార్డులు దుకాణంలో గుమస్తా రాసేవాడు, తప్పులు రాసేవాడు. తప్పులని నాకెలా తెలుసంటే, చదివినవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు పడలేక యాభై దాటాక పెద్దవాళ్ల బడికి పోయి అక్షరాలు దిద్దాను. పలక బయట నేను సొంతంగా చదివిన మొదటి మాట ఒక పాత డబ్బు మీద ఉంది. తెల్ల రాజుల కాలంనాటి అణా బిళ్ల మీద మిగతా భాషలతో పాటు తెలుగులోనూ “ఒక అణా” అని ఉంటుంది. అన్నేళ్లు దాన్ని తోమాను గానీ, అక్కడ నాకు తెలిసిన భాష ఉందని తెలియదు. ఆ తర్వాత కార్డులన్నీ నేనే రాశాను.

తోమడం అన్నాను కదా, అది మా పద్ధతి. నలుగురి ముందు పెట్టే ఏ వస్తువైనా చింతపండు పెట్టి తోమాలి. బిందె అయినా అంతే, కాసైనా అంతే. ప్రదర్శనకు ముందు రోజు మా పెరట్లో గంగాళంలో చింతపండు నానేసి అందరి నాణేలూ తోమేదాన్ని. తళతళలాడేవి. ఇంకో పద్ధతి, మా బల్లల మీద అద్దాలు ఉండవు. వచ్చినవాళ్లు చేత్తో తీసి చూస్తారు. “ముట్టుకుని చూడండి” అని ప్రతి బల్ల మీదా నా చేతిరాత కార్డు ఉండేది.

మా ఇంటాయన బల్ల మీద ఒక రూపాయల దండ ఉండేది. రాజు తలకాయ ఉన్న వెండి రూపాయలు, ఒక్కోదానికి పైన కొక్కెం అతికించి, దారానికి గుచ్చిన దండ. కొండ ఆడవాళ్లు మెడలో వేసుకునేవి అవి. చోళ్లు, అంటే రాగులు, పండని ఏడు ఒకామె వచ్చి తూకానికి అమ్మేసి వెళ్లింది. మిగతా వర్తకులు అలాంటివి దొరికితే కొక్కేలు కోయించి రూపాయలు విడగొట్టేవారు. మా ఆయన కోయించలేదు. దయ అనుకోకండి. కంసాలి దాకా వెళ్లడానికి బద్ధకం అని ఆయనే చెప్పాడు.

అమ్మిన ఆమె తర్వాత చనిపోయింది. ఆమె కూతురు టికిరి అవతల కొండ మీది ఊరి నుంచి కొండచీపుళ్లు అమ్మడానికి సంతకు వచ్చేది. ఒక మాఘంలో జనంతో పాటు మండపంలోకి వచ్చి మా బల్ల ముందు ఆగిపోయింది. దండ తీసుకుని రూపాయి తర్వాత రూపాయి వేళ్లతో జరుపుకుంటూ పోయి, మధ్యలో ఒకదాని దగ్గర నవ్వింది. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు తను నోట్లో పెట్టుకుని చీకిన రూపాయి అదేనట. నాకైతే అన్నీ ఒకలాగే కనిపించాయి. అప్పటినుంచి ప్రతి ఏడూ వచ్చింది. మెడలో వేసుకునేది కాదు. చూసేది, జరిపేది, మళ్లీ సరిగ్గా పరిచి వెళ్లేది. ప్రదర్శన ఊరు మారితే మాకందరికీ ఒక ముచ్చట పోతుంది, అంతే. ఆమెకు ఆ దండ పోతుంది. అది నాకు ఆ ఆదివారానికి ముందే తెలుసు.

ఎందుకు తగ్గిపోయిందో చెప్పడం కష్టం. పార్వతీపురం వాళ్లు కంప్యూటర్‌లో కొనుక్కుంటున్నామన్నారు. కోరాపుట్ ఆయన కాళ్లు పడిపోయాయి. డొరగుడ వైపు ఫ్యాక్టరీ పని మొదలై కుర్రాళ్ల ఆదివారాలు అటు పోయాయి. కిందటేడు ఆమె తప్ప ఎవరూ రాక, రెండు రోజులూ మేం ఒకరి బల్ల ఒకరం చూసుకున్నాం.

ఆ ఆదివారం విశాఖపట్నంనుంచి అక్కడి నాణేల సంఘం పెద్ద ఒకాయన వచ్చారు. మంచి మనిషే, గొంతు పెంచలేదు. మా ప్రదర్శనను తమదాంట్లో కలిపేసుకుని పెద్ద హోటల్లో జరుపుతామన్నారు. బల్లలన్నీ తిరిగి చూశారు. తోమిన నాణేనికి విలువ పోతుందని, పాత మచ్చ ఉంటేనే విలువని చెప్పారు. తర్వాత దండ పట్టుకుని, కొక్కెం ఉన్నవి దెబ్బతిన్న సరుకు కింద లెక్క, వాటిని అక్కడ పెట్టనివ్వరని అన్నారు.

సిగ్నలాయన నావైపు తిరిగాడు. “వదినా, ఇన్నేళ్లూ మా ఆస్తి నీ గంగాళంలో కరగబెట్టీసేవన్నమాట.”

“కరిగిపోతే మరి ప్రతేడూ మూట కట్టి నా పెరట్లో ఎందుకు పడీసేవు?” అన్నాను.

అందరూ కొంచెం నవ్వారు. తర్వాత చేతులెత్తమన్నారు. సిగ్నలాయన వెళ్లొద్దన్నాడు. ఫోర్‌మన్ వెళ్దామన్నాడు. మా ఇంటాయన వద్దంటాడనే అనుకున్నాను. ఆయన వెళ్దామని చెయ్యెత్తాడు.

“అదేటన్నయ్యా?” అన్నాడు సిగ్నలాయన.

“సూసేవోళ్లు లేని సోట కాపలా కూకోడం నావల్ల కాదురా. ఉన్న సోటికి పోనీ.”

నేను ఏ చెయ్యీ ఎత్తలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. కార్డులు రాసేదానికి ఓటుంటుందని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

బల్లలు మడతపెడుతుంటే చీపుళ్ల మోపు గుమ్మం దగ్గర దించి ఆమె లోపలికి వచ్చింది. దండ ఇంకా బల్ల మీదే ఉంది. ఎప్పటిలాగే తీసుకుంది. సంగతి నేనే చెప్పాను. వచ్చే ఏడు ఇక్కడ ఉండదు, ఆ ఊళ్లో దీన్ని పెట్టనివ్వరు అని. ఆమె వేళ్లు ఆగలేదు. మా ఇంటాయన దండ పట్టుకెళ్లిపొమ్మన్నాడు, ఏమీ ఇవ్వక్కర్లేదన్నాడు. ఆమె వద్దంది. తన కొడుకు దాన్ని ఒక్క సంత కూడా ఉంచడని, కొక్కేలు కోసేవాళ్లు ఇప్పుడు ఇంటింటికీ తిరుగుతున్నారని సగం కొండల్లో మాట్లాడే దేశియాలో, సగం తెలుగులో చెప్పింది.

“అయితే మా ఇంటికి రా. ఎప్పుడొచ్చినా తీసి సూపిస్తాను,” అన్నాను.

ఆమె దండను బల్ల మీద పరిచి, వంకర పోయిన ఒక రూపాయిని సరిచేసింది.

“మీ ఇంటికొస్తే ఏదో అమ్మడానికొచ్చినట్టుంటాదమ్మా. ఇక్కడికొస్తే సూడ్డానికొచ్చినట్టు.”

మా వాకిట్లోకి కొండమీది మనిషి అమ్మడానికి తప్ప ఇంకెందుకూ వచ్చిన రోజు నాకు గుర్తులేదు.

ఆమె మోపు ఎత్తుకుని వెళ్లిపోయింది. మా ఇంటాయన విశాఖపట్నం ఒక్కసారి వెళ్లొచ్చాడు. చలి గది, అన్నిటికీ అద్దాలు, టీ బాగుంది అన్నాడు. మళ్లీ వెళ్లలేదు. తర్వాత ఆయనా పోయాడు. ఆమె సంతలో కనిపించేది. చీపుళ్లు కొనేదాన్ని, గట్టివి చూసి ఇచ్చేది. దండ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఇనప్పెట్టెలో ఉంది, “ముట్టుకుని చూడండి” అన్న నా కార్డు దాని మీదే ఉంది. నేను తోమడం మానేశాక నల్లబడింది. విశాఖపట్నం ఆయన చూస్తే ఇప్పుడు మెచ్చుకుంటారేమో.

ఆ రోజు మండపంలో ఉన్నవాళ్లు: మా ఇంటాయన, సిగ్నలాయన, తెరుబలి ఫోర్‌మన్, విశాఖపట్నం పెద్దమనిషి, టీ తెచ్చిన మండపం కాపలాదారు, నేను. చూడ్డానికి వచ్చింది ఒకామె.