మగ్గం గుంతలో కేకు

మైదుకూరు చేనేత వీధిలో ఆదివారం శివలీల వేయించే చేప ముక్కలకు పదింటికే గిరాకీ మొదలవుతుంది. ముందురోజు మసాలా పట్టించి ఫ్రిజ్ నిండా సర్దుకుంటుంది, పొద్దున పెరట్లో పెనం పెడుతుంది. ఇంట్లో మాత్రం వేయించదు. వాసనకు పిల్లులు వస్తాయి. పిల్లి మగ్గం మీదికి దూకిందంటే పడుగు దారాలు తెగి, మొగుడు మద్దయ్య నాలుగు వీధులకు వినబడేలా అరుస్తాడు.

చాక్లెట్ కేకు ఆమె ఫోన్లో చూసి నేర్చుకుంది. గుడ్డు బదులు పెరుగు వేస్తుంది. కరిగించిన చాక్లెట్ పైన వేలెడు మందాన పోస్తుంది. వీధంతా తిని భేష్ అన్నారు. అంటే ఏం లాభం? డబ్బు పెట్టి కేకు కొనేది బజారు వీధి షావుకార్లు. నీసు వండే ఇంటి సరుకు వాళ్ళ గడప తొక్కదు. ఆ వీధిలో ఒక్క ఇల్లు తన కేకు తింటే చాలని శివలీల మూడేళ్ళుగా మొక్కని దేవుడు లేడు.

చివరకు ఆ వీధి బట్టల కొట్టు నాగేంద్రమ్మే కబురు పెట్టింది. మనవరాలు ఉదయశ్రీ స్నేహితురాలి ఇంట్లో ఆ కేకు రుచి చూసిందట, పుట్టినరోజుకు అదే కావాలని మొండికేసిందట.

"చేపలూ కేకూ ఒక తావ పెట్టొద్దు. నేను అడిగేది అదొక్కటే" అంది నాగేంద్రమ్మ.

"పెట్టనమ్మా" అంది శివలీల.

పుట్టినరోజు ఆదివారం పడింది. మే నెల. పొద్దున్నే కేకు చేసి చాక్లెట్ పోస్తే అది గట్టిపడితేగా! ఫ్రిజ్‌లో చేపలున్నాయి. ఇంట్లో చల్లటి చోటు ఇంకొకటే ఉంది, మగ్గం కింద నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంత. మద్దయ్య నూలు కోసం బయటికి పోయాడు గనక, కేకు అందులో దించి, పైన జల్లెడ బోర్లించి, పెరట్లోకి పోయింది.

మద్దయ్య ఎండకు తాళలేక తొందరగా తిరిగొచ్చాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని మగ్గం ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేసేవాడు గుంతలోకి చూసి దిగుతాడా? రెండు కాళ్ళూ ఒకేసారి దించాడు. జల్లెడ పక్కకు ఒరిగింది.

"ఓయమ్మో! ఏందే ఇది, మెత్తగా ఉండాది?"

శివలీల పరుగెత్తుకొచ్చింది. మొగుడి కాళ్ళకు పిక్కల దాకా చాక్లెట్. కూలబడి ఏడ్చింది.

"ఫ్రిజ్జులోనే పెట్టింటే ఎవురికి తెల్సేది?" అన్నాడు మద్దయ్య గొంతు తగ్గించి.

"నాకు తెల్సేది."

పొయ్యి ఆర్పి, తలకు పోసుకుని, ఉత్త చేతులతో నాగేంద్రమ్మ ఇంటికి పోయింది. వసారాలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఇంట్లో ఫ్రిజ్జు పెట్టుకొని గుంతలో ఎందుకు పెడితివే?"

"దాంట్లో చేపలుండాయమ్మా. మీకు మాటిచ్చినా గదా."

నాగేంద్రమ్మ గోడ గడియారం వైపు చూసింది. బేకరీకి మనిషిని పంపుతుంది, ఇంక ఈ వీధి మొహం చూడనక్కర్లేదు అనుకుంది శివలీల.

"కాళ్ళు కడుక్కొని లోపలికి రా. ఏమేం కావల్లో చెప్పు, తెప్పిస్తా. ఈడనే చెయ్."

ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషికి కూడా వంటింటి ప్రవేశం లేదు. శివలీల కదల్లేదు.

"నిలబడుకుంటావేందే? సాయంత్రం పిల్లోళ్ళొస్తారు."

శివలీల పిండి కలుపుతుంటే నాగేంద్రమ్మ పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుంది.

"అది సరే గానీ, ఆ చేప ముక్కలకు ఏమేం పూస్తావు?"

"మీరు తినరు గదమ్మా!"

"తింటానంటినా? చెప్పవే."

కారం, వెల్లుల్లి, నిమ్మరసం, కాస్త బియ్యప్పిండి అని చెబుతూ చెబుతూ శివలీల ఏడ్చేసింది.

"పక్కకు తిరుగే, పిండిలో పడతాయి" అంది నాగేంద్రమ్మ.