సలోమక్క చేతి నరాలు

నాట్ల ముఠాలోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు మా అక్క సలోమి మొదట చేతులు చూసేది. అరచేతులు కాదు, వాటి వెనకవైపు. నరాలు తేలి కనిపిస్తే పేరైనా అడగకుండా "రేపు ఆటో ఎక్కు" అనేది. నున్నటి చేతులైతే వదిలేది కాదు. "గివి నాటేసే చేతులా, పెండ్లిల అక్షింతలేసే చేతులా?" అని ముఠా అంతా నవ్వేదాకా ఏడిపించేది. నర్సింహులపేట చుట్టుపక్కల రైతులకు ఆమె ముఠా మీదే గురి.

అందుకే ఆ వానాకాలం తన నరాలు మోచేతి దాకా పచ్చగా ఉబ్బి కనిపిస్తే అక్క మురిసిపోయింది. తిండి తగ్గింది. గాజులు జారిపోతున్నాయి. యోసేపు బావ "జర దవాఖానకు పోదాం" అంటే చెయ్యి చాపి చూపేది.

"చూడు, తాళ్ల లెక్క ఉన్నయి. గిసొంటి చెయ్యికి దవాఖాన ఎందుకయ్యా?"

నాట్లకు ముందు బలానికని గ్లూకోజు సీసా ఎక్కించుకోవడం మా ఊరి ఆడవాళ్ల అలవాటు. ఊళ్లో సూదులు వేసే ఐలేశ్ తన ఇంటి గోడ మేకులకు సీసాలు వేలాడదీస్తాడు. మిగతావాళ్లను నాలుగు చోట్ల పొడిచేవాడు. అక్కకు మాత్రం సూది ఒక్కసారికే దిగింది.

"అక్కా, నీ నరాలు బంగారం. కండ్లు మూసుకొని పొడుస్త."

"మూసుకోకురా నాయినా, ఇంకెక్కడనో పొడుస్తవు."

అందరికంటే అక్కే ఎక్కువ నవ్వింది. సీసా అయిపోగానే లేచి నాటుకు పోయింది.

నాట్లు ముగిసేసరికి నిలబడలేకపోయింది. తొర్రూరు తీసుకుపోయాం, అక్కడి నుంచి వరంగల్. డాక్టరమ్మ అక్క చేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో లేపి వదిలింది.

"ఎప్పటి నుంచి ఇట్లా చిక్కిపోయింది?"

"చిక్కుడేందమ్మా, కష్టం చేసే ఒళ్లు" అన్నాడు బావ.

ఆమె కోప్పడలేదు. కష్టం చేసేవాళ్లకు నరాలు తేలడం మామూలే, ఎండకూ వయసుకూ కూడా తేలుతాయి అంది. కానీ కొద్ది నెలల్లోనే ఇట్లా బయటపడ్డాయంటే వాటిని కప్పి ఉంచిన కొవ్వు కరిగిపోయినట్టే అంది. పరీక్షల్లో కడుపులో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది.

ఆఖరి రోజుల్లో ఆ చేతుల్లో సూది పెట్టడానికి నర్సులకు ఒక్క నరమూ చిక్కలేదు. పొడిచిన చోటల్లా కమిలిపోయేది. "ఐలేశ్‌ను పిలువుండ్రి" అంది అక్క ఒకసారి. మమ్మల్ని నవ్వించడానికే అయి ఉండాలి. ఎవరమూ నవ్వలేదు.

ఈ వానాకాలం ముఠాను రాణి నడుపుతోంది. అక్క దగ్గర పని నేర్చుకున్న మనిషి. మొన్న ఆటో దగ్గర తారి అనే ఆమె వచ్చి నిలబడింది. బుగ్గలు లోపలికి పోయాయి, జాకెట్టు వదులై వేలాడుతోంది. రాణి ఆమె చెయ్యి తిప్పి చూసింది.

"ఎక్కు."

"రాణీ, ఆమె మొఖం చూసినవా?" అన్నాను.

"నాటేసేది మొఖమా అన్నా? సలోమక్క ఎన్నడన్న మొఖం చూసిందా?"

తారి నవ్వుతూ ఆటో ఎక్కి, ఆ చేత్తోనే కడ్డీ పట్టుకుంది.