ఇల్లు లేని బోర్డు

సికింద్రాబాద్‌లో నా మొదటి ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే అన్న ఒకాయన ఉండేవాడు. శుక్రవారం సాయంత్రమైతే సోంపు నములుతూ, మా కుర్చీలు లాక్కుని టెంపరరీ ఫైళ్లన్నీ ఊడ్చేసేవాడు. ఒకసారి ఆ ఊపులో నా డెస్క్‌టాప్ మీద పని ఫైలు తెరిచే లింకు కూడా తుడిచేశాడు. క్లయింటుకు చూపాల్సిన పనంతా పోయిందని ఏడుపు మొహం పెట్టాను.

"గింతదానికే పరేషానా చెల్లే? ఇంటి ముంగట పేరు బోర్డు పీకేస్తే ఇల్లు కూలుతదా?" అంటూ లోపల భద్రంగా ఉన్న ఫైలు చూపించి, కొత్త లింకు పెట్టాడు.

ఆయన ఉద్యోగం మారాక ఆయన పేరున్న ఫోల్డరు తీసేశారు. నా డెస్క్‌టాప్ మీద ఆయన పేరుతోనే ఉన్న దాని లింకు నొక్కితే ఏమీ తెరుచుకోకపోయినా నేను చెరపలేదు.

ఓ రోజు పలకరించడానికి వచ్చి, అలవాటుగా నా కుర్చీ లాక్కున్నాడు.

"ఇల్లే లేదు, బోర్డెందుకు చెల్లే?"

నవ్వుతూ తన పేరు తనే తుడిచేసి, నా అరచేతిలో ఇంత సోంపు పోశాడు.