కాట్రేనికోన తోటలో మా కారవాన్ మురుగు ట్యాంకు ఖాళీ చేసిన రోజు

మా ఆవిడ శారదకి పేగు ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు ఆరోగ్యం బాగుంది, ప్రయాణాలు చేయవచ్చని డాక్టరుగారు కూడా చెప్పారు. కానీ రోజులో చాలాసార్లు టాయిలెట్‌కి వెళ్లాల్సి రావడంతో తను ఇల్లు కదలడమే మానేసింది. పెళ్లిళ్లకి కూడా నన్నొక్కణ్నే పంపేది. ఒక సాయంత్రం టీవీలో సముద్రం చూపిస్తుంటే, "వెళ్తే బాగుండు" అంది. ఆ వెంటనే, "దారిలో ఎక్కడ ఆగుతాంలే" అని తనే కొట్టిపారేసింది. లోపలే టాయిలెట్, చిన్న వంటగది, మంచం ఉన్న కారవాన్ అద్దెకి దొరుకుతుందని ఆ వారంలోనే విని, మర్నాడే మాట్లాడేశాను. అద్దె, డీజిలు కలిపితే మంచి హోటలు గదికీ టాక్సీకీ అయ్యేదానికంటే కొంచెం ఎక్కువే అవుతుంది.

హైదరాబాద్ నుంచి నేనే నడుపుకుంటూ వచ్చాను. ఆ రాత్రి రాజమండ్రిలో ఒక హోటలు ఆవరణలో బండి ఆపుకుని అందులోనే పడుకున్నాం. తెల్లవారి ఆరింటికి బయల్దేరి రావులపాలెం దగ్గర హైవే వదిలి కొత్తపేట రోడ్డెక్కాం. కొత్తపేటలో పెసరట్టు తిని, అంబాజీపేట మీదుగా అమలాపురం చేరేసరికి తొమ్మిదిన్నర. పక్కన కాలవ, రెండు వైపులా కొబ్బరి తోటలు, మీదకి వచ్చేస్తున్నట్టుండే బస్సులు. పెద్ద బండితో వచ్చేవాళ్లు తొందరపడకుండా ఉంటే ఇబ్బందేమీ ఉండదు.

ఇలాంటి బండి కింద రెండు ట్యాంకులుంటాయి. ఒకటి టాయిలెట్ మురుగుకి, రెండోది స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లకి. ఇద్దరికైతే మూడు రోజులు వస్తాయని అద్దెకిచ్చినాయన చెప్పాడు. కానీ ఆయన లెక్క శారదలాంటి మనిషికి వేసింది కాదు. అమలాపురం దాటుతుండగానే మురుగు ట్యాంకు నిండిందని ఎర్రదీపం వెలిగింది. కారవాన్లు మురుగు వదలడానికి ఏర్పాటున్న చోటు ఈ దారిలో నాకెక్కడా దొరకలేదు. ఒక పెట్రోలు బంకులో, వాళ్ల సెప్టిక్ ట్యాంకులో వదలనిస్తారా అని అడిగితే అక్కడి మేనేజరు మర్యాదగానే చెప్పాడు. "మాది చిన్న గుంటండీ, మావోళ్లకే సరిపోదు. ఏమనుకోకండే." గోడ మీద రాసున్న సెప్టిక్ క్లీనింగ్ బండి నంబరుకి ఫోను చేశాను. ఐ.పోలవరంలో పనిలో ఉన్నామని, సాయంత్రం అయిపోతుందని అన్నారు. టీ కొట్టు దగ్గర మా మాటలు విన్న ఒకాయన, "కాలవ గట్టున ఆపి వదిలేయండి, ఎవరు చూత్తారండీ" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే శారద అడ్డంగా తలూపింది. కాస్త దూరంలో కాలవ మెట్ల మీద ఒకావిడ బిందె ముంచుకుంటోంది.

సముద్రం కోసం కాట్రేనికోన వైపు వెళ్తుండగా గమనించాను. ఎదురుగా పెట్టిన నీళ్ల సీసా శారద ముట్టుకోలేదు. దారిలో కొబ్బరిబోండాం కొట్టిస్తే వద్దంది. పదిన్నరకి వేసుకోవాల్సిన మాత్ర కూడా అలాగే ఉంది.

"నీళ్లెందుకు తాగడం లేదు?" అని అడిగాను.

"తాగితే మళ్లీ వెళ్లాలిగా. ట్యాంకు నిండింది" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. "వెనక్కి వెళ్లిపోదామండీ. చూసిందే చాలు."

తన కోసమని తెచ్చిన బండి తననే దాహంతో మాడుస్తోంది. నీడ కనిపించిన ఒక కొబ్బరితోట పక్కన ఆపాను. తోట లోపలి డాబా ఇంట్లోంచి ఒకావిడ వచ్చారు. పేరు సత్యవతిగారు. మాకంటే కొంచెం పెద్దావిడ.

"బండి పాడైందా అండీ?"

నేను నసుగుతూ ట్యాంకు సంగతి, శారద నీళ్లు మానేసిన సంగతి చెప్పాను. శారద తల దించుకుంది. సత్యవతిగారు నన్ను వదిలేసి శారద పక్కకి వచ్చి నిలబడ్డారు.

"పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగలేదామ్మా? ఇంత ఎండలో ఎలాగమ్మా! మా అత్తగారు మంచం మీదుండగా మూడేళ్లు అన్నీ నేనే చేసేను. ఇందులో సిగ్గేముంది? ముందు లోపలికి రా, మా బాత్రూముంది. ఆనక మీ బండి సంగతి చూద్దాం." వెనక్కి తిరిగి కేకేశారు. "ఏవండీ, మన సెప్టిక్ ట్యాంకు మూత ఓసారి తియ్యాలి!"

"ఆయ్, వత్తన్నా!" అంటూ వాళ్లాయన రాంబాబుగారు వచ్చారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "మందులేమైనా పోసేరా అండీ అందులో? ఫినాయిలూ ఆసిడ్డూ ఉంటే మా గుంట పాడైపోద్ది."

అలాంటివేమీ పోయలేదని చెప్పాను. మూత తీసి, లోపలి చెడు గాలి పోయేదాకా ఇద్దరం దూరంగా నిలబడ్డాం. చేతులకి తొడుగులు వేసుకుని, బండి ట్యాంకుకి గొట్టం తగిలించి గుంటలోకి దించాను. ట్యాంకు తెరిచే లీవరు లాగబోతుంటే వెనక నుంచి శారద గొంతు వినిపించింది.

"ఉండండి, నేను లాగుతాను."

"వద్దులే, నేను చూసుకుంటాగా."

"రెండేళ్ల నుంచి అన్నీ మీరే చూసుకుంటున్నారు. ఇది నేను చేస్తాను."

తొడుగులు తీసి ఇచ్చాను. మొదట మురుగు ట్యాంకు వదిలింది. అది ఖాళీ అయ్యాక స్నానం నీళ్ల ట్యాంకు వదిలింది. ఆ నీళ్లతో గొట్టం కూడా కడుక్కుపోయింది. ఎర్రదీపం ఆరిపోయింది. సత్యవతిగారు చప్పట్లు కొట్టారు. శారద నవ్వాపుకోలేక బండికి ఆనుకుని నిలబడిపోయింది. ఆ నవ్వు నేను విని చాలాకాలమైంది.

సబ్బుతో చేతులు కడుక్కున్నాక రాంబాబుగారు బోండాలు కొట్టిచ్చారు. శారద రెండు తాగింది. సత్యవతిగారు మెత్తగా వండిన అన్నం, పప్పుచారు పెట్టారు. డబ్బు మాటెత్తితే రాంబాబుగారు నొచ్చుకున్నారు. మూడున్నరకి అక్కడ్నించి కదిలి, ఆయన చెప్పిన దారిన సముద్రం దగ్గరికి చేరాం. బండి అల్లంత దూరంలో ఆపాల్సి వచ్చింది. శారద చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడుచుకుంటూ వెళ్లింది. మోకాళ్లదాకా నీళ్లొచ్చాక ఆగి, "రేపు ఎక్కడికి వెళ్దాం?" అని అడిగింది.

ఆ మాటకోసమే ఇంత దూరం వచ్చానేమో అనిపించింది. రోగం నయమైనా మనిషిలో మిగిలిపోయే భయం ఒకటుంటుంది. దాన్ని మందులూ బండ్లూ పోగొట్టలేవు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఒక పరాయి మనిషి మామూలుగా అనేస్తే, ఒక్కోసారి అది సగం వదిలిపోతుంది. మీ ఇంట్లో కూడా ఇలా ప్రయాణాలు మానుకున్నవాళ్లుంటే ధైర్యంగా బయటికి తీసుకురండి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. బస చేసే చోటు మాట్లాడుకునేటప్పుడే, వాళ్ల సెప్టిక్ ట్యాంకులో మీ మురుగు వదలనిస్తారా అని అడిగేయండి. ట్యాంకు సగం నిండగానే ఖాళీ చేసేయండి, ఎర్రదీపం దాకా ఆగకండి.