అగ్గిపెట్టె మీద రాసుకునే మెకానిక్

1985 జూన్, ఆదివారం, మాచర్ల. హాజరు: ఎరువుల కొట్టు శెట్టిగారు, లారీ బ్రోకరు, నీళ్ల మోటార్ల మెకానిక్, నేను.

వారానికోసారి మేం వ్యాపారులం కూర్చుని ఎవరికేం కావాలో చెప్పుకునేవాళ్లం. మెకానిక్ మాత్రం అందరి అవసరాలూ అగ్గిపెట్టె మీద రాసుకుని, తగిన మనిషిని వెతికి తెచ్చేవాడు. తన అవసరం ఏనాడూ చెప్పలేదు. ఎందుకో తెలుసుకోవాలని ఆ రోజు అడిగాను.

"నీకేం కావాలయ్యా?"

"నాకేందన్నా, చానా బాగున్నా" అని లేచి వెళ్లిపోయాడు.

"బాగుండటమేంది! రేపు కొట్టు ఖాళీ చేయాలంట. ఇంకో గది దొరకలా" అన్నాడు బ్రోకరు.

మర్నాడు పొద్దున మెకానిక్ తన కొట్టు బోర్డు దింపుతుంటే, ఒకరికి చెప్పకుండా ఒకరం, ముగ్గురం మూడు గదుల తాళంచెవులతో వెళ్లాం. కళ్లు తుడుచుకుని ఒకటి తీసుకున్నాడు. వెంటనే అగ్గిపెట్టె బయటికి తీశాడు.

"మిగతా రెండూ ఖాళీయేనా అన్నా? పిడుగురాళ్ల టైలరొకాయన ఇక్కడ గది కోసం తిరుగుతున్నాడు."